ఏఎంసీ దానంతటదే రెన్యూ అయిందా? ఇలా ఆపండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్లలో వాటర్ ఫిల్టర్‌కీ ఏసీకీ ఏఎంసీ (ఏడాదికింత కట్టి సర్వీసు చేయించుకునే ఒప్పందం) తీసుకోవడం మామూలే. కాగితం ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది. మనలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చినా చదవడం రాదు. చదివించుకోకుండా సంతకం పెట్టకండి.

సమస్య: అడక్కుండానే డబ్బు కట్ అయింది.

కారణం: మొదటిసారి కట్టినప్పుడే ఆటోపేకి, అంటే గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటుకి, ఒప్పుకుని ఉంటారు. 15,000 రూపాయల లోపు అయితే తర్వాతి ఏళ్లలో ఓటీపీ అడగరు.

పరిష్కారం: యూపీఐ అయితే అదే యాప్‌లో 'ఆటోపే' తెరిచి, ఆ కంపెనీ పేరు నొక్కి, పిన్ కొట్టి రద్దు చేయండి. కార్డు అయితే బ్యాంకును అడిగి రద్దు చేయించాలి. ఖాతా నుంచి నేరుగా వెళ్లే నాచ్ అయితే బ్రాంచ్‌లో రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

సమస్య: ముందుగా మెసేజ్ రాలేదు.

యూపీఐ, కార్డు ఆటోపేలకు కనీసం 24 గంటల ముందు తెలపాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఖాతాకి పాత నంబరో, విశాఖలో ఉన్న అబ్బాయి నంబరో ఉందేమో చూసి మార్పించండి.

సమస్య: ఆటోపే ఆపేశాక కూడా బిల్లు పంపుతున్నారు.

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఆటోపే ఆపితే డబ్బు వెళ్లడం ఆగుతుంది, ఒప్పందం రద్దు కాదు. గడువుకి ఇన్ని రోజుల ముందు చెప్పకపోతే పొడిగించినట్టేనని ఒప్పందంలో ఒక షరతు ఉండొచ్చు. ముందు దాన్ని వెతకండి. సర్వీసుకొచ్చిన కుర్రాడితో "ఇక వద్దు బాబూ" అంటే లెక్కలోకి రాదు. పాపం, అతని చేతిలో ఏమీ ఉండదు. కస్టమర్ నంబరు, గడువు తేదీ, "రెన్యూ చేయవద్దు" అన్న మాట రాసి కంపెనీకి ఈమెయిల్ పంపండి. అందినట్టు జవాబు అడగండి. ఫోన్‌లో చెప్పినా సరే, ఆ రోజే ఈమెయిల్ కూడా పెట్టాలి.

సమస్య: "రీఫండ్ లేదు" అంటున్నారు.

ఆ ఏడాది సర్వీసు ఒక్కసారీ వాడుకోకపోతే ఆ విషయం రాసి, డబ్బు వెనక్కి అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, మీ ఈమెయిల్ ప్రింట్ దగ్గర పెట్టుకోండి.