ఇంటి కారుకు ఆల్ టెర్రైన్ టైర్లు ఎంచుకోవడం ఎలా?

విజయవాడలో కాపురం, పల్నాడులో చేను. మాలాంటివాళ్లకు కారు టైర్లు మార్చాలంటే టెన్షనే. ఆటోనగర్‌లో అడిగితే "ఏటీ వేయించండి సార్, ఎక్కడికైనా పోతుంది" అంటారు. ఏటీ అంటే ఆల్ టెర్రైన్, తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే టైరు. మనం ఎక్కడెక్కడికి పోతున్నామో ముందు చూసుకోవాలి కదా!

పోయిన ఏడాది బండి తిరిగిన దార్లు ఒక కాగితం మీద రాయండి. మాది రాస్తే ముప్పాతిక పైగా బెంజి సర్కిల్ ట్రాఫిక్కూ, గుంటూరు హైవేనే. గ్రావెల్ రోడ్డు తిరుగుడు పావు వంతు కూడా లేకపోతే మామూలు రోడ్డు టైర్లే చాలు, ఇది నా లెక్క. ఏటీ టైరుకు గాడులు వెడల్పు, పక్కలు కాస్త దళసరి. కంకర రాయి అంత తేలిగ్గా కోయదు. కానీ బరువెక్కువ, హైవే మీద హోరు, మైలేజీ తగ్గుతుంది. తడిసిన తారు రోడ్డు మీద బ్రేకు వేస్తే చాలావాటికి మామూలు టైరు కన్నా ఎక్కువ దూరం పడుతుంది.

నల్లరేగడి సంగతి వేరే. వాన పడ్డాక మా డొంకలో పది గజాలు పోతే చాలు, గాడుల నిండా బంకమన్ను పట్టేసి ఏటీ అయినా గుండు టైరే. అక్కడ బండి రోడ్డు మీదే ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం మేలు.

అయినా ఏటీ కావాలనుకుంటే సైజు చూడండి. టైరు పక్కన 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే పక్క ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, 15 రిమ్ము అంగుళాలు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. బరువు అంకె కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. లావు టైరు మోజులో 205/65 వేయిస్తే చుట్టుకొలత సుమారు 4 శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తుంటే మీరు 104లో పోతున్నట్టు. మలుపులో మడ్‌గార్డుకు రాసుకోవచ్చు కూడా.

తర్వాత తయారీ తేదీ. ఒకసారి నాకు కొత్తవంటూ బిగించిన టైర్లు, ఇంటికొచ్చి చూసుకుంటే నాలుగేళ్ల నాటివి. నిగనిగ చూసి మోసపోయాను. డీఓటీ అనే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. కొన్ని టైర్లకు ఇది ఒక పక్కే ఉంటుంది, కాబట్టి బిగించకముందే తిప్పి చూడండి.

మంచు మాటకొస్తే, ఏడు డిగ్రీల లోపు మామూలు రబ్బరు బిరుసెక్కి పట్టు తప్పుతుంది. చలికాలపు టైరు మెత్తగా ఉండేది అందుకే. అదే టైరు మన మే నెల ఎండలో గబగబా అరిగిపోతుంది. వారం రోజుల మనాలి ముచ్చట కోసం టైర్లు మార్చకండి, అక్కడి బండి అద్దెకు తీసుకోండి. అమెరికాలో మంచు కురిసేచోట ఉన్న మన పిల్లలైతే, మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉన్న టైరే అడగాలి. అది మంచులో పరీక్ష నెగ్గిన టైరు. ఉత్త "ఎం ప్లస్ ఎస్" (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) గుర్తుకు ఆ పరీక్ష అక్కర్లేదు. గడ్డకట్టిన నున్నటి మంచు మీద మాత్రం ఆ కొండ బొమ్మ ఉన్నా నెమ్మదిగానే పోవాలి.

నాలుగూ కలిపి మారిస్తే మంచిది. రెండే మారుస్తుంటే కొత్తవి వెనక్కి వేయించండి. ముందు చక్రాలకే అని మెకానిక్ పట్టుబడతాడు, వినకండి. తడి రోడ్డు మీద వెనక భాగం జారితే బండిని అదుపులోకి తేవడం కష్టం. అలైన్‌మెంటు చేయించి, డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు చూసి చల్లటి టైరుకు గాలి కొట్టించండి. కుటుంబమంతా ఎక్కి, ధాన్యం బస్తాలు వేసుకుని వచ్చే రోజుకు అందులో వేరే అంకె ఉంటుంది.

స్టెపినీలో గాలుందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. కంకర దారిలో రాత్రిపూట పంక్చర్ షాపు దొరకదు.