ఆఫీసు ఐపీ ఫోన్‌లో కాల్ 32 సెకన్లకే కట్ అవుతుంటే: నా అనుభవం

మునిసిపల్ ఆఫీసులోని ఐపీ ఫోన్‌కు (నెట్ మీద నడిచే ఫోన్) బయటి నుంచి కాల్ వస్తే మాట బాగానే వినిపించేది, సరిగ్గా 32 సెకన్లకు కట్. ఫోన్ సెట్, కేబుల్, స్విచ్ మార్చినా, నెట్ స్పీడ్ పెంచినా ఫలితం లేదు.

తప్పు రూటర్‌లోని సిప్ ఏఎల్‌జీది. అంటే నెట్ కాల్ సందేశాలను రూటర్ మధ్యలో మార్చే సదుపాయం. దానివల్ల కాల్ ఎత్తాక అవతలి నుంచి రావాల్సిన 'ఏసీకే' (అందింది అని చెప్పే) సందేశం ఫోన్‌కు చేరదు. 32 సెకన్లు చూసి ఫోనే కాల్ తెంచేస్తుంది.

ముందు రూటర్‌లో నాట్ (లోపలి పరికరాల చిరునామాలను బయటి నెట్ చిరునామాగా మార్చే పద్ధతి) పేజీకి వెళ్లి (కొన్నిటిలో ఫైర్‌వాల్ పేజీ) సిప్ ఏఎల్‌జీ ఆపి, సేవ్ చేశాను. తర్వాత రూటర్‌ను ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాను. ఇది వదిలేస్తే పాత నాట్ ఎంట్రీలు అలాగే ఉండిపోవచ్చు. నెట్ పూర్తిగా వచ్చాకే ఫోన్లు రీస్టార్ట్ చేశాను. చివరగా ప్రతి ఫోన్‌లో కీప్ అలైవ్ (కనెక్షన్ తెరిచి ఉంచడానికి ఫోన్ పంపే చిన్న సందేశం) 30 సెకన్లకోసారి వెళ్లేలా పెట్టాను. లేకపోతే కాసేపు ఖాళీగా ఉన్న ఫోన్‌కు రింగే రాకపోవచ్చు. నీళ్లు రావడం లేదని ఫోన్ చేసే జనానికి అది పెద్ద కష్టం.

మొదటి నుంచీ ఒకవైపే మాట వినిపిస్తుంటే కారణం వేరే కావచ్చు. కొన్ని ఫైబర్ మోడెముల్లో సిప్ ఏఎల్‌జీ ఆప్షన్ కనిపించదు, ప్రొవైడర్‌తోనే ఆపించాలి.