హెచ్‌ఐవీ ఉన్నవారికి మలేరియా ముదిరితే: ఇంటివారు, ఆశా కార్యకర్తలు చేయవలసిన పనులు

గెడ్డలు నిండుగా పారే వానాకాలం నుంచి, నీరు తేరి మెల్లగా పారే చలికాలం వరకు మందస, మెళియాపుట్టి, మెంటాడ వంటి కొండవార మండలాల్లోనూ, వాటికి ఎగువనున్న పార్వతీపురం మన్యం ఊళ్లలోనూ చలిజ్వరం గురించి ఎవరికీ కొత్తగా చెప్పవలసిన పని లేదు. అయితే అదే జ్వరం ఏఆర్టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, వాడుతున్న మనిషికి వచ్చినప్పుడు చూడవలసిన తీరు వేరు. అటువంటి మనిషి ఇంట్లోవారి కోసం, ఊరిలో మొదట పిలుపు అందుకునే ఆశా కార్యకర్త, ఏఎన్ఎంల కోసం, రాత్రిపూట వార్డు చూసుకునే నర్సుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

హెచ్‌ఐవీ వల్ల సీడీ4 అనే రోగనిరోధక కణాలు తగ్గినకొద్దీ మలేరియా క్రిములను అదుపు చేసే శక్తి తగ్గుతుంది, జ్వరం త్వరగా ముదురుతుంది. మలేరియా తక్కువగా ఉండే ప్రాంతాల్లో, అంటే చిన్నతనం నుంచి పదేపదే జ్వరం వచ్చి కొంత తట్టుకునే శక్తి ఏర్పడే అవకాశం లేనిచోట, హెచ్‌ఐవీ ఉన్న పెద్దవారిలో తీవ్ర మలేరియా, మరణాలు ఎక్కువగా ఉన్నాయని దక్షిణాఫ్రికాలో జరిగిన పరిశీలనలు చూపించాయి. ఈ సంగతి మనకు సరిగ్గా వర్తిస్తుంది. తీరపు ఊళ్లలోనూ, మైదానంలోనూ పుట్టి పెరిగిన మనిషి కూలికో, జీడితోట పనికో, చుట్టపుచూపుకో ఏజెన్సీకి వెళ్లి రెండు రాత్రులు పడుకొని వస్తే అతని ఒంట్లో ఆ శక్తి ఏమీ ఉండదు. వెళ్లివచ్చిన పది, పదిహేను రోజులకు జ్వరం వస్తే ఆ ప్రయాణం సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాదు. అందుచేత జ్వరం వచ్చినవారిని మొదట అడగవలసిన ప్రశ్న, గత నెల రోజుల్లో రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే. మందులు తప్పకుండా వాడుతూ సీడీ4 బాగున్నవారికి ఈ ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

జ్వరం వచ్చిన రోజే

పరీక్షను మరునాటికి వాయిదా వేయవద్దు. ఆశా కార్యకర్త దగ్గర ఉండే కిట్‌లో వేలి కొసనుంచి తీసిన ఒక చుక్క రక్తం, ఆపైన కిట్‌తో వచ్చే ద్రావణం వాటి వాటి గుంటల్లో వేసి, కిట్‌పై రాసిన సమయం వరకు, అంటే సాధారణంగా పదిహేను ఇరవై నిమిషాలు, ఆగాలి. కంట్రోల్ గీత పడకపోతే ఆ కిట్ పనికిరాదు, మరొకటి తీయాలి. అయిదు నిమిషాలకే చూసి గీత లేదని పంపించివేయడం నేను పలుమార్లు చూశాను. సన్నని గీత ఆలస్యంగా తేలుతుంది, సన్నగా ఉన్నా అది గీతే. నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మరునాడు మళ్లీ పరీక్ష చేయించి, రక్తపూత (గాజుపలకపై రక్తం పూసి సూక్ష్మదర్శినితో చూసే పరీక్ష) కూడా తీయించాలి.

ఈలోగా జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఊరి ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజక్షన్, సెలైన్ బాటిల్ వేయించుకోవడం ఈ స్థితిలో మంచిది కాదు. తీవ్ర మలేరియాలో మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, డైక్లోఫెనాక్ దానికి తోడవుతుంది. అవసరం చూడకుండా ఎక్కించిన సెలైన్ ఊపిరితిత్తుల్లో నీరు చేర్చి ఆయాసం తెస్తుంది. అన్నిటికన్నా నష్టం ఏమంటే, ఇంజక్షన్‌తో ఒక పూట చెమట పట్టి జ్వరం దిగడం చూసి ఇంటివారు రెండు రోజులు పోగొట్టుకుంటారు.

ఇక ఇంట్లో ఉంచకూడదని ఎప్పుడు తెలుస్తుంది

మనిషి లేచి కూర్చోలేకపోవడం, పిలిస్తే పొంతన లేకుండా మాట్లాడడం లేదా పలకకపోవడం, మూర్ఛలు, ఆగని వాంతులతో మాత్ర నిలవకపోవడం, ఎగశ్వాస, కళ్లు పచ్చబడడం, మూత్రం బాగా తగ్గడం లేదా కాఫీ డికాక్షన్ రంగులో రావడం, ఎక్కడనుంచైనా రక్తం కారడం, అరచేతులు, కంటి లోపలి రెప్పలు పాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది తీవ్ర మలేరియా కావచ్చునని ఎంచి వెంటనే 108కి ఫోన్ చేయాలి. రెండో లక్షణం కోసం చూడవద్దు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో రక్తం ముందే తక్కువగా ఉండడం మామూలు కనుక పాలిపోవడాన్ని ‘ఎప్పుడూ ఇలాగే ఉంటాడు’ అని కొట్టివేయవద్దు.

దారి దూరమై, గెడ్డ దాటవలసి ఉండి, జిల్లా ఆసుపత్రికి చేరడానికి గంటలు పట్టేటట్లయితే, దారిలోని పీహెచ్‌సీలో మలేరియా మందు ఆర్టిసునేట్ మొదటి ఇంజక్షన్ తొడకు వేయించుకొని బయలుదేరడం ప్రాణం నిలిపే పని. ఆరేళ్లలోపు పిల్లలకు మలద్వారంలో పెట్టే ఆర్టిసునేట్ కూడా ఇందుకోసమే ఉంది. ఈ రెండూ ఆసుపత్రికి చేరేలోపు కాపాడడానికేగాని అక్కడితో వైద్యం ముగిసినట్లు కాదు.

మందుల సీసా వెంట తీసుకువెళ్లడం

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే పెట్టుకోండి: మలేరియాకు వైద్యం చేసే డాక్టర్‌కు ఏఆర్టీ మందుల సంగతి, ముఖ్యంగా ఇతర ఇన్‌ఫెక్షన్లు రాకుండా వేసుకునే, సెప్ట్రాన్ పేరుతో చాలామందికి తెలిసిన కో-ట్రైమోక్సజోల్ మాత్ర సంగతి తెలియాలి.

కొండవార ఊరినుంచి వచ్చిన ఒక రోగి భార్య, భర్తకు మలేరియా అని తేలి మందులు మొదలుపెట్టిన తరువాత కూడా, పక్క మంచాల దగ్గరివారు అన్నానికి వెళ్లేవరకు ఆగి, చేతిసంచి అడుగున చీరముక్కలో చుట్టిన తెల్లని సీసాను తీసి చూపించింది. సీసాపై కాగితాన్ని గోటితో గీకి తీసివేశారు. ఇంటికి వచ్చినవారు చదువుతారన్న భయం. లోపలి మాత్రలపై చెక్కిన అక్షరాలు, సంచిలో మడతపెట్టి ఉన్న పచ్చని ఏఆర్టీ పుస్తకం చూశాకగాని అతడు ఏమి వాడుతున్నాడో తెలియలేదు. ఆ రాత్రే మందు మారింది. అంతకుముందు ఇద్దరు సిబ్బంది ఆమెను ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగారు, వరండాలో, పదిమంది మధ్య. ఆమె లేదన్నది. ఆ జవాబుకు ఆమెను తప్పుపట్టలేను.

కాబట్టి సిబ్బంది ఈ ప్రశ్న పక్కకు పిలిచి అడగాలి. ఇంటివారు కూడా ‘డాక్టర్‌గారితో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి’ అని అడగడానికి వెనుకాడవద్దు. 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వైద్యంలో వివక్ష చూపడం, రోగి సమ్మతి లేకుండా అతని స్థితిని బయటపెట్టడం నిషిద్ధం. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వారి ఉచిత ఫోన్ 1097 ఉంది. సీసాపై కాగితం చింపక తప్పదనుకుంటే, మందు పేరును, మొదలుపెట్టిన తేదీని, ఆఖరి సీడీ4 లెక్కను ఒక చీటీపై రాసి పర్సులో పెట్టుకోండి. టీబీ మందులు వాడుతుంటే అదీ రాయండి.

ఆసుపత్రిలో ఏమి జరగాలి

తీవ్ర మలేరియాకు మొదటి మందు నరానికి ఇచ్చే ఆర్టిసునేట్. హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన దాని మోతాదు మారదు, గర్భిణికి ఏ నెలలోనైనా ఇదే ఇస్తారు. భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేసియాలలో 1,461 మంది రోగులపై జరిగి 2005లో వెలువడిన పరిశోధనలో పాత మందు క్వినైన్ ఇచ్చినవారిలో 22 శాతం మరణించగా, ఆర్టిసునేట్ ఇచ్చినవారిలో 15 శాతం మరణించారు. మోతాదు కిలోకు 2.4 మిల్లీగ్రాములు, ఇరవై కిలోలలోపు పిల్లలకు 3 మిల్లీగ్రాములు. చేరినప్పుడు ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి, ఆపైన రోజుకొకటి. 60 మిల్లీగ్రాముల వయల్‌లోని పొడిని దానితో వచ్చే సోడియం బైకార్బనేట్ ద్రావణంతో కలిపి, మబ్బు విడిపోయి నీరు తేటపడేవరకు కుదిపి, ఆపైన 5 మిల్లీలీటర్ల సెలైన్ చేర్చితే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు అవుతుంది. యాభై కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు, అంటే రెండు వయల్స్, 12 మిల్లీలీటర్లు. కలిపిన మందును గంటలోపు వాడాలి, మిగిలింది దాచకూడదు.

రక్తంలో చక్కెర పడిపోవడం ఈ జ్వరంలో కనిపించకుండా ప్రాణం తీసే సంగతి. స్పృహ తగ్గిన ప్రతిసారీ ముందు వేలికొస చుక్కతో చక్కెర చూడాలి, డెసిలీటరుకు 40 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే ఆలస్యం లేకుండా గ్లూకోజ్ ఇవ్వాలి. హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే పరీక్ష), మూత్రం లెక్క రోజూ రాయాలి.

మలేరియా గీత పడింది కాబట్టి స్పృహ తప్పడానికి అదే కారణమని అక్కడ ఆగిపోకూడదు. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి టీబీ మెదడుపొర వాపు, మెదడుకు సోకే క్రిప్టోకాకస్, టాక్సోప్లాస్మా ఇన్‌ఫెక్షన్లు, రక్తంలో బ్యాక్టీరియా చేరడం మలేరియాతో పాటే ఉండవచ్చు. మెడ బిగుసుకోవడం, వారాల ముందునుంచే తలనొప్పి, ఒక చెయ్యో కాలో పడిపోవడం ఉంటే వెన్నునీటి పరీక్ష, స్కాన్ గురించి డాక్టర్ ఆలోచించాలి. ఇంటివారు జ్వరం ఎన్నాళ్లదో, తలనొప్పి అంతకుముందునుంచే ఉందో సరిగ్గా చెప్పడం ఇక్కడ ఎంతో పనికివస్తుంది.

మాత్రల దగ్గర జాగ్రత్త

కనీసం 24 గంటలు ఇంజక్షన్ ఇచ్చి, మనిషి మింగగలిగిన తరువాత మూడు రోజుల మాత్రల కోర్సు పూర్తిగా ఇస్తారు. చిక్కు ఇక్కడే వస్తుంది. ఈశాన్య రాష్ట్రాలు తప్ప మిగిలిన దేశంలో చాలాకాలంగా ప్రభుత్వం ఇస్తున్న ప్యాకెట్‌లో ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఉంటుంది. కో-ట్రైమోక్సజోల్‌లోనూ సల్ఫా మందే ఉంది, రెండూ ఒకే దారిన పనిచేస్తాయి. రెండూ కలిస్తే చర్మంపై తీవ్రమైన పొక్కులు, రక్తకణాలు తగ్గడం వంటి చెడు ఫలితాల ప్రమాదం పెరుగుతుంది కనుక, కో-ట్రైమోక్సజోల్ వాడుతున్న హెచ్‌ఐవీ రోగికి ఈ జంట ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేరే జంట, సాధారణంగా ఆర్టిమీథర్-లుమెఫాంట్రిన్, డాక్టర్ ఎంచుకుంటారు. ప్యాకెట్ రంగును చూసి కాదు, రేకు వెనుక పేరు చదివి ఇవ్వండి. అమోడియాక్విన్ ఉన్న జంటను ఏఆర్టీ మందులైన ఎఫావిరెంజ్ లేదా జిడోవుడిన్ వాడేవారికి ఇవ్వరు.

లుమెఫాంట్రిన్ కొవ్వున్న ఆహారంతో ఒంటికి బాగా పడుతుంది కనుక గ్లాసెడు పాలతోనో, అన్నం తిన్న వెంటనేనో వేయాలి. ఎఫావిరెంజ్, అంతకన్నా ఎక్కువగా టీబీకి వాడే రిఫాంపిసిన్, ఈ మందును ఒంట్లో తగ్గించివేస్తాయి. అటువంటివారిని మూడు రోజుల తరువాత వదిలివేయకుండా రక్తపూతతో మళ్లీ చూడాలి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న ఏఆర్టీ మందు డోల్యుటెగ్రావిర్‌తో అంత ఇబ్బంది లేదు.

ఏఆర్టీని సొంతంగా ఆపవద్దు. మింగలేనివారికి ముక్కు గొట్టం ద్వారా ఎలా ఇవ్వాలో ఏఆర్టీ కేంద్రాన్ని అడగాలి. క్రియాటినిన్ పెరిగితే ఏఆర్టీలోని టెనోఫోవిర్ మార్చాలా అన్నది కూడా ఆ కేంద్రం, వార్డు డాక్టర్ కలిసి నిర్ణయించవలసినదే. కోలుకున్నాక రక్తం పెరగడానికి ఐరన్ మాత్ర రాస్తే, డోల్యుటెగ్రావిర్ దానికి రెండు గంటల ముందు లేదా ఆరు గంటల తరువాత వేసుకోవాలి. కుదరకపోతే రెండూ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున రెండూ కలిస్తే ఏఆర్టీ మందు ఒంటికి పట్టదు.

మలేరియా వైవాక్స్ రకమైతే 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. గర్భిణికి ఇవ్వరు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారిలో అది రక్తాన్ని కరిగిస్తుంది. మూత్రం ఎర్రగా లేదా నల్లగా మారితే మాత్ర ఆపి అదే రోజు చూపించుకోవాలి.

ఇంటికి వచ్చాక

దోమతెర అందరికీ తెలిసిందే. పొలం మంచెపై పడుకునే రాత్రులు కూడా వాడాలన్నది మాత్రమే గుర్తుచేస్తాను, ఎందుకంటే మెల్లగా పారే కొండగెడ్డల్లో పెరిగే ఫ్లువియాటిలిస్ దోమ రాత్రివేళే కుడుతుంది. దోమల మందు స్ప్రే చేసిన గోడలను పండగ వచ్చిందని వెంటనే ఎర్రమట్టితో అలకవద్దు, మూడు నెలలు ఆగండి. అలికితే మందు మట్టికింద పడిపోతుంది. కో-ట్రైమోక్సజోల్ కొంతవరకు మలేరియానుంచీ కాపాడుతుంది, డాక్టర్ ఆపమనేవరకు మానవద్దు.

జ్వరం మళ్లీ వస్తే కిట్ గీతను మాత్రమే నమ్మవద్దు. క్రిములు చచ్చిన తరువాత కూడా కిట్‌పై ఫాల్సిపారం రకం మలేరియా గీత వారాల తరబడి పడుతుంది, అప్పుడు రక్తపూతే చూడాలి. ఆర్టిసునేట్ ఇంజక్షన్ తీసుకున్న కొందరిలో, జ్వరం పోయి పనికి వెళుతున్న రోజుల్లో, ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య రక్తం మళ్లీ కరిగిపోతుంది. జిడోవుడిన్ వాడేవారికి రక్తం ముందే తక్కువ కావచ్చు కనుక ఇది మరింత ముఖ్యం. డిశ్చార్జి కాగితం వెనుక ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఎనిమిదో రోజు తేదీలు రాయించుకొని, ఆ మూడు రోజులూ దగ్గరి పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించండి. వాటిలో ఒకటి ఏఆర్టీ మందులు తెచ్చుకునే రోజుకు దగ్గరపడితే ఒకే ప్రయాణంలో రెండు పనులూ చేసుకోవచ్చు.