పాటను అమ్మాలా, కౌలుకివ్వాలా: జే-జీ ఒప్పందాల నుంచి స్వతంత్ర ర్యాపర్ నేర్చుకోదగిన పద్ధతి

సొంతంగా పాటలు రాసి, రికార్డు చేసి, విడుదల చేసుకునే ర్యాపర్ చేతికి ఏదో ఒక రోజు ఒక ఒప్పంద పత్రం వస్తుంది. సంతకం పెట్టవలసిన చోటు అందులో వెంటనే కనిపిస్తుంది. ఏ హక్కు, ఎన్నేళ్లకు, ఎవరికి పోతోందో మాత్రం వెతికితే గాని దొరకదు. ఆ వెతకడం ఎలాగో వివరించడానికి అమెరికన్ ర్యాపర్ జే-జీ వ్యాపార జీవితం కంటే మేలైన ఉదాహరణ నాకు తెలియదు. 1969లో పుట్టి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్సీ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగిన జే-జీని (అసలు పేరు షాన్ కార్టర్) 2019లో ఫోర్బ్స్ పత్రిక హిప్-హాప్ రంగంలో తొలి బిలియనీరుగా లెక్కగట్టింది. యవ్వనంలో మాదకద్రవ్యాలు అమ్మిన సంగతిని ఆయన దాచలేదు. ఆ భాగాన్ని ఎవరూ ఆదర్శంగా తీసుకోకూడదు. మనం చూడవలసింది ఆయన దేన్ని అమ్మారు, దేన్ని అట్టిపెట్టుకున్నారు అన్నది.

ముందుగా మీ పాటను రెండు ఆస్తులుగా విడదీసి చూడండి. సాహిత్యం, బాణీ కలిసి ఒక ఆస్తి. వాటిని పాడి రికార్డు చేసిన ధ్వని, అంటే పరిశ్రమలో మాస్టర్ అని పిలిచేది, మరొక ఆస్తి. ఇంటి స్థలం ఒకరి పేరున, ఇల్లు ఇంకొకరి పేరున ఉండవచ్చునన్నట్టే ఈ రెండూ వేర్వేరు చేతుల్లో ఉండవచ్చు. భారత కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద తొలి హక్కు సాధారణంగా దాని నిర్మాతది, అంటే దాన్ని తయారుచేయడానికి చొరవ తీసుకుని బాధ్యత వహించిన వ్యక్తిది. మనం వాడుకలో ప్రొడ్యూసర్ అనేది బీట్ (ర్యాప్ వెనుక వినిపించే సంగీతం) చేసినవారిని కాబట్టి ఇక్కడే చాలామంది తికమకపడతారు. స్టూడియో అద్దె, మిక్సింగ్ ఖర్చు మీరు పెట్టుకుంటే ఆ రసీదులు దాచండి. నిర్మాత ఎవరో ఒక్క వాక్యంలో రాసి, పాటలో పాలుపంచుకున్న అందరి చేతా రికార్డింగ్ రోజునే సంతకం చేయించండి. స్నేహితుల మధ్య ఇది మొహమాటంగా ఉంటుంది. అయినా పాటకు పేరు వచ్చిన తర్వాత ఆ మొహమాటం మరింత పెరుగుతుందే గాని తగ్గదు.

బీట్ ఇంటర్నెట్‌లో కొన్నదైతే దాని పత్రం కూడా చదవాలి. తక్కువ ధరకు దొరికే బీట్లు చాలావరకు లీజు మీద ఇచ్చేవి. ఇన్ని స్ట్రీములు (ఆన్‌లైన్‌లో పాట విన్న సార్లు) దాటితే లేదా ఇన్నేళ్లు గడిస్తే మళ్లీ డబ్బు కట్టాలన్న షరతు వాటిలో ఉంటుంది. అదే బీట్‌ను ఇంకొందరికి ఇచ్చే వీలు కూడా అమ్మినవారికి ఉంటుంది. పాత సినిమా పాటలో ముక్కను వాడుకోదలిస్తే బాణీ హక్కుదారు, రికార్డింగ్ హక్కుదారు ఇద్దరి అనుమతీ కావాలి. ఈజిప్టు సంగీత దర్శకుడు బలీగ్ హమ్దీ బాణీని వాడుకున్న ఒక పాట విషయంలో ఆ సంగీత దర్శకుడి వారసుడు 2007లో వేసిన దావాను జే-జీ ఏళ్ల తరబడి ఎదుర్కొన్నారు. 2015లో లాస్ ఏంజెలెస్ కోర్టు దాన్ని కొట్టివేసింది, 2018లో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. గెలిచినా అన్నేళ్ల కోర్టు ఖర్చు భరించగల స్తోమత మనలో ఎందరికుంది?

ఇక లేబుల్, అంటే పాటలను విడుదల చేసే సంస్థ, సంగతి. పెద్ద సంస్థలు తలుపు తీయనప్పుడు జే-జీ, డేమన్ డాష్, కరీమ్ బర్క్ కలిసి 1995 నాటికి రాక్-ఎ-ఫెల్లా అనే సొంత లేబుల్ పెట్టుకుని, 1996లో తొలి ఆల్బంను విడుదల చేశారు. దుకాణాలకు చేర్చే పనిని మాత్రం పంపిణీ సంస్థలకు అప్పగించారు. మరుసటి ఏడాది డెఫ్ జామ్ అనే పెద్ద రికార్డు సంస్థ ఆ లేబుల్‌లో వాటా కొన్నది. గాయకుడిగా చేరి జీతం తీసుకున్నట్టు కాకుండా, భాగస్వామిగా వెళ్లడం వల్ల వాళ్లకు బేరమాడే బలం వచ్చింది. ఈ రోజుల్లో పంపిణీ మరీ సులువు. ఏడాదికి కొంత రుసుముకో, రాబడిలో కొంత శాతానికో పాటను అన్ని యాప్‌లకూ చేర్చే సేవలు ఉన్నాయి. పంపిణీ చేసిపెడతానన్న ఒక్క కారణంతో ఎవరైనా మాస్టర్ అడిగితే ఇవ్వవద్దు.

నిజమైన లేబుల్ ఒప్పందం వచ్చినప్పుడు నాలుగు మాటలు వెతకండి: అవధి, ప్రాంతం, రాయల్టీ, తిరిగి రావడం. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే మన చట్టంలో చెల్లుతుంది. అవధి రాయకపోతే 5 సంవత్సరాలనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. అందుకే ముద్రిత ఒప్పందాల్లో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు వరుసగా కనిపిస్తాయి. పెన్ను తీసి ముందు వాటి కింద గీత గీయండి. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ సాహిత్యం, బాణీల మీద రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. ర్యాపర్ తన మాట తానే రాసుకుంటాడు కాబట్టి ఈ రక్షణ మనకు నేరుగా వర్తిస్తుంది. ఆ రాయల్టీ వసూలు కావాలంటే రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ అనే సంఘంలో సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనూ అక్కడ నమోదు చేయాలి. ఈ ఒక్క పని వాయిదా వేసినవారు తమకు రావలసిన డబ్బును తామే వదులుకుంటున్నారని నేను గట్టిగా నమ్ముతాను.

తిరిగి రావడం అన్న మాటకు జే-జీ ఇచ్చిన విలువ చూడండి. 2004 చివరలో డెఫ్ జామ్ ఆయనను అధ్యక్షుడిగా ఆహ్వానించినప్పుడు, కొన్నేళ్ల తర్వాత తన మాస్టర్లు తనకే తిరిగి రావాలన్న ఏర్పాటు ఆ బేరంలో భాగమైంది. పదవి 2007తో ముగిసింది, ఆ ఏర్పాటు నిలిచింది. 2009లో ఇంకా ఒక ఆల్బం బాకీ ఉండగా సుమారు 50 లక్షల డాలర్లు ఎదురు చెల్లించి ఆ ఆల్బంను తన సొంత సంస్థ రాక్ నేషన్ ద్వారా తెచ్చుకున్నారు. మీరు అంత అడగలేకపోవచ్చు. అయినా 'పదేళ్లకు మాస్టర్ నాకు తిరిగి రావాలి' అని రాయించమని అడగడానికి ఖర్చేమీ లేదు. వాళ్లు పదిహేనేళ్లు అన్నా అది అమ్మకం నుంచి కౌలుగా మారినట్టే.

శ్రోతలకు నేరుగా అమ్మే దారినీ వదలకండి. లాస్ ఏంజెలెస్‌కు చెందిన ర్యాపర్ నిప్సీ హసిల్ 2013లో ఒక మిక్స్‌టేప్‌ను (పాటల సంకలనాన్ని) ఇంటర్నెట్‌లో ఉచితంగా వినిపిస్తూనే, 1,000 ప్రతులను ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మారు. అందులో 100 ప్రతులు జే-జీయే కొన్నారు. ఉచితంగా దొరికేదాన్ని కూడా మనసుకు నచ్చి కొనేవాళ్లు ఉంటారు కాబట్టి, మీ అభిమానులు యాభై మందే అయినా సరే, సంఖ్య వేసి సంతకం చేసిన ప్రతులతో మొదలుపెట్టవచ్చు.

పాట పక్కన వ్యాపారం పెట్టాలనుకుంటే, మీ చరణాల్లో మీరు ఇప్పటికే ఊరికే ప్రచారం చేస్తున్న వస్తువులేమిటో రాసుకోండి. తమ పాటల్లో పేరెత్తుతున్న ఐస్‌బర్గ్ అనే ఇటాలియన్ దుస్తుల కంపెనీతో బేరం కుదరక జే-జీ బృందం 1999లో రోకావేర్ అనే సొంత దుస్తుల బ్రాండ్ ప్రారంభించింది. 2007లో ఆ బ్రాండ్ హక్కులు 20.4 కోట్ల డాలర్లకు అమ్ముడయ్యాయి. ఆర్మాండ్ డి బ్రిన్యాక్ షాంపేన్ కంపెనీని మాత్రం 2014లో కొని, 2021లో సగమే ఎల్‌వీఎంహెచ్ అనే ఫ్రెంచి విలాస వస్తువుల సంస్థకు ఇచ్చారు. అన్నీ ఫలించలేదు, లాస్ వేగాస్‌లో తెరిచిన క్లబ్ సంవత్సరం తిరగకముందే మూతపడింది. అలాంటి నష్టంలోకి పాటల హక్కులను లాగకుండా ఉండాలంటే వ్యాపారానికి తెచ్చే అప్పుకు మాస్టర్లను తాకట్టు పెట్టకండి.

ఈ వారంలోనే ఒక పట్టిక గీయండి. ఒక్కో పాటకు ఒక్కో వరుస. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, మాస్టర్ ఎవరిది, ఒప్పందం ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ముగుస్తుంది అని గడులు పెట్టండి. ఏ గడి నింపలేకపోయారో, ఆ పాటలో మీతో కలిసి పనిచేసినవారికి ముందు ఫోన్ చేయండి.