చైనా పాత నోటు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

ముప్పై రెండేళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నాను. కాగితం సంగతి కళ్లకన్నా ముందు వేళ్లకే తెలుస్తుంది. ఆ ధీమాతోనే ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల పక్కన ఒకతను పరిచిన కాగితాల్లోంచి “సాంగ్ రాజుల నోటు, వెయ్యేళ్లది” అన్నదాన్ని ఎనిమిది వందలు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి చదువుకుంటే తెలిసింది, సాంగ్ కాలపు అసలు నోటు ఒక్కటీ మిగిలినట్టు దాఖలా లేదని.

కాబట్టి ముందు ఏ కాలపువి దొరుకుతాయో తెలుసుకోండి. చైనాలోని సిచువాన్‌లో ఇనప నాణేలు చెలామణీలో ఉండేవి. ఆ బరువు మోయలేక వర్తకులు రసీదులు రాసుకున్నారు. వాటినే జియావోజి అన్నారు. 1024లో సర్కారే ఆ నోట్లు వేసింది. 1260లో మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ వేయించినవి మ్యూజియాల్లో చూడాల్సిందే. (1323లో ఓరుగల్లును పడగొట్టిన ఉలుఘ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయి ఇత్తడి, రాగి టోకెన్ నాణేలు వేశాడు. చైనా కాగితం కబురు విన్నాకే ఆ పని చేశాడని కొందరు చరిత్రకారులంటారు.)

1375లో మింగ్ రాజులు మొదలుపెట్టిన నోటు మాత్రం అప్పుడప్పుడు వేలానికి వస్తుంది, ధర లక్షల్లో. స్కేలు పెట్టి కొలవండి: దాదాపు 34 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు. మల్బరీ బెరడు కాగితం పలక రంగులో ఉండాలి. టీ డికాక్షన్ రంగుంటే అనుమానించండి. వెయ్యి నాణేల నోటు మీద దండలు గుచ్చిన నాణేల బొమ్మ ఉంటుంది. దొంగనోటు చేస్తే తల తీస్తామనీ, పట్టిచ్చినవాడికి 250 లియాంగుల (చైనా తూకం) వెండీ, నేరస్థుడి ఆస్తీ ఇస్తామనీ దాని మీదే అచ్చేశారు. అయినా నోటిచ్చి నాణెం అడిగే హక్కు జనానికి ఇవ్వలేదు, అచ్చేయడమూ ఆపలేదు. విలువ పడిపోయింది. క్యాషియర్‌గా బతికినవాణ్ణి, ఇది చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

కొత్తవాళ్లు 1853 నుంచి షియెన్‌ఫెంగ్ చక్రవర్తి వేయించిన నోట్లతో మొదలుపెట్టండి. తైపింగ్ తిరుగుబాటును అణచే ఖర్చులకు వేసినవి అవి. చైనీస్ రాకపోయినా నోటు ఏ ఏడాదిదో చదవొచ్చు. దాని మీద ఉండేది ఆ చక్రవర్తి ఏలుబడిలో అది ఎన్నో ఏడన్న అంకె. మూడంటే మూడు అడ్డగీతలు, నాలుగంటే పెట్టెలో రెండు కాళ్లు. ఆ అంకెకు 1850 కలపండి. నాలుగైతే 1854. వరుస అంకె పక్కనుండే గుర్తు అక్షరాన్ని, అప్పటి చైనా పిల్లలు బట్టీపట్టే వెయ్యి అక్షరాల పద్యంలోంచి తీసుకునేవారు.

ఆ తర్వాత నోటు వెనక్కి తిప్పండి. చేతులు మారినప్పుడు దుకాణాలవాళ్లు అక్కడ ముద్ర కొట్టేవారు, సిరాతో రాసేవారు. భూతద్దంతో చూస్తే సిరా కాగితం పీచులోకి ఇంకి ఉండాలి. రంగు చిన్నచిన్న చుక్కలుగా కనిపిస్తే అది నేటి ప్రింటరు పని. వెనకవైపు ఫొటో పంపనివాడి దగ్గర నేను కొనను.

ఇంటికి తెచ్చాక లామినేషన్, సెల్లోటేప్ వద్దే వద్దు. మెత్తటి పీవీసీ కవర్లు కాగితాన్ని తినేస్తాయి, పాలిస్టర్ కవర్లు వాడండి. మన వానాకాలం చెమ్మకు బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి మార్చండి.

మా తాతగారి హాలీ సిక్కా (నిజాం సర్కారు) నోటు పక్కనే నా 1854 నోటు ఉంచాను. దాని వెనక ఏడు ముద్రలున్నాయి. ఇప్పటికి రెండు చదవగలిగాను.