పాత ఏసీబీకి కొత్త ట్రిప్ యూనిట్ – 6వ పాఠం: ఎర్త్ ఫాల్ట్ లేకుండానే ఎర్త్ ఫాల్ట్ ట్రిప్

ఏసీబీ అంటే ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్. తప్పు కరెంటును పసిగట్టి దాన్ని పడేసే (ట్రిప్ చేసే) పెట్టె ట్రిప్ యూనిట్. ఎర్త్ ఫాల్ట్ అంటే కరెంటు భూమిలోకి పోవడం. ఈ పాఠంలో యూనిట్ సెట్టింగులు చెబుతానని పోయినసారి మాటిచ్చాను. వాటిని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. అయిదో పాఠం చూసి సీటీలు (కరెంటును కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) బిగించి, యూనిట్ కలిపి, బ్రేకర్ సర్వీసులో పెట్టినవాళ్లలో చాలామంది దాదాపు ఒకే మాట రాశారు: "లోడ్ పెరగ్గానే ఎర్త్ ఫాల్ట్ అని చూపించి పడిపోతోంది. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే కేబుళ్లన్నీ బాగానే ఉన్నాయి." ఇద్దరు ఇంకో ముక్క కూడా చేర్చారు: "ప్రొడక్షన్ ఆగకూడదని ఎర్త్ ఫాల్ట్ ఆఫ్‌లో పెట్టి నడిపిస్తున్నాం."

ఆ ఇద్దరికీ ముందుగా ఒక మాట. ఈ వారమే షట్‌డౌన్ అడగండి. పాత యాంత్రిక ట్రిప్ పరికరమైన డాష్‌పాట్ రిలీజుకి ఎర్త్ ఫాల్ట్ రక్షణే లేదు, అది నిజం. కానీ కొత్త యూనిట్ పెట్టాక, ఇప్పుడు రక్షణ ఉందని కింద పనిచేసేవాళ్లంతా అనుకుంటారు. ఉందనుకున్న రక్షణ లేకపోవడం, అసలు లేదని తెలిసి జాగ్రత్తపడటం కంటే ప్రమాదం.

పొరపాటులో నా వాటా కూడా ఉంది. "సీటీ మీద గుర్తు చూసి బిగించండి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఆ ఒక్క వాక్యాన్నే ఈ రోజు పాఠం చేస్తున్నాను. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పని చేసేందుకు అనుమతి) తీసుకోవడం, బ్రేకర్‌ను బయటికి లాగడం, చేయి పెట్టేముందు క్లోజింగ్ స్ప్రింగ్ వదిలేయడం మళ్లీ చెప్పను. అవి రానివాళ్లు ఈ పని ముట్టుకోకూడదు.

మీరు పంపిన ఫొటోల్లో మూడింటిలో ఒకటే సంగతి కనిపించింది. బ్రేకర్లో ఆర్, వై, బీ అనే మూడు ఫేజులకీ ఒక్కో పోల్ ఉంటుంది. ఆర్, బీ పోళ్ల మీద సీటీలు సరిగ్గా ఉన్నాయి, నడిమి వై పోల్ మీది సీటీ ఎదురు తిరిగి ఉంది. ఎందుకలా అయిందో ఊహించగలను. పాత బ్రేకర్లలో పోళ్ల మధ్య ఇన్సులేషన్ పలకలు ఉంటాయి. నడిమి సీటీ టెర్మినళ్లు ఆ పలకకు తగిలి లోపలికి కూర్చోవు. తిప్పి పెడితే చక్కగా కూర్చుంటుంది, వైరు కూడా అందుతుంది. అక్కడే పేచీ మొదలైంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎర్త్ ఫాల్ట్ కోసం యూనిట్‌కి వేరే కన్నేమీ లేదు. మూడు ఫేజుల కరెంట్లనూ దిశతో సహా కలుపుతుంది. న్యూట్రల్ సీటీ ఉంటే దాన్నీ కలుపుతుంది. కూడిక సున్నా అయితే పోయిన కరెంటంతా తిరిగొచ్చినట్టు. మిగులు తేలితే అది భూమిలోకి పోయిందని అర్థం చేసుకుంటుంది. మూడు ఫేజుల్లో సమంగా 600 ఆంపియర్లు నడుస్తుంటే కూడిక సున్నా. వై సీటీ తిరగబడితే, మిగతా రెండింటి కూడికకు వై ఎదురు నిలబడాల్సింది పోయి తోడవుతుంది. అప్పుడు మిగులు 1200 ఆంపియర్లు, అంటే లోడుకి సరిగ్గా రెట్టింపు.

1600 ఆంపియర్ల సీటీ మీద ఎర్త్ ఫాల్ట్ పికప్ (ఎంత మిగులు దగ్గర పడాలనే హద్దు) 20 శాతం పెట్టారనుకోండి, అది 320 ఆంపియర్లు. ఫేజుకి 160 ఆంపియర్లు దాటగానే దొంగ మిగులు 320 దాటుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు బ్రేకర్ నిలబడుతుంది, లైట్లు వెలుగుతాయి, అందరూ చప్పట్లు కొడతారు. మొదటి షిఫ్టులో రెండో పెద్ద మోటారు వేయగానే పడిపోతుంది. నిందంతా మోటారు కేబుల్ మీదికి పోతుంది. మీలో ఒకరు 70 మీటర్ల కేబుల్ మార్చేశారట. చదివి బాధేసింది.

డిస్‌ప్లే చూసి దీన్ని పట్టలేరు. అందులో ఆర్, వై, బీ మూడూ 600 అనే చూపిస్తాయి. ఆంపియర్లు ఎన్నో చెబుతుంది కానీ దిశ చెప్పదు. ఎర్త్ కరెంటు చూపించే యూనిట్ అయితే అక్కడ చూడండి, లోడుకి రెట్టింపు అంకె కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే.

సరిచేయడానికి రెండు దారులు: సీటీ నుంచి యూనిట్‌కి వచ్చే ఎస్1, ఎస్2 వైర్లు అటూ ఇటూ మార్చడం, లేదా సీటీనే విప్పి తిప్పి బిగించడం. కరెంటు దృష్టిలో రెండూ ఒకటే. నేను మాత్రం ఎప్పుడూ సీటీ విప్పి తిప్పిస్తాను, దానికి రెండు గంటలు పట్టినా సరే. పదేళ్ల తర్వాత ఆ బ్రేకర్ విప్పేవాడు సీటీ మీద గుర్తు చూస్తాడు, వైరు ఫెర్రూల్ (వైరు కొసన ఉండే గుర్తు) చూస్తాడు. రెండూ ఒకే మాట చెప్పాలి. ఇన్సులేషన్ పలక అడ్డొస్తే దాన్ని చెక్కకండి, ఆ మందం ఊరికే పెట్టింది కాదు. టెర్మినల్ కొస వేరే కోణంలో ఉన్న సీటీ అడిగి తెప్పించుకోండి.

న్యూట్రల్ సంగతి ఇంకాస్త తిరకాసు. మన 415 వోల్టుల నాలుగు వైర్ల ప్యానెళ్లలో లైటింగ్, ఏసీలు, వెల్డింగ్ సెట్లు ఉంటే ఫేజులు ఎప్పుడూ సమంగా ఉండవు. ఆర్ 500, వై 420, బీ 300 నడుస్తున్నాయనుకోండి. న్యూట్రల్లో సుమారు 174 ఆంపియర్లు తిరిగొస్తాయి. న్యూట్రల్ సీటీ లేకపోతే ఆ 174నే యూనిట్ ఎర్త్ ఫాల్ట్ అనుకుంటుంది. 320 పికప్ కాబట్టి నిలబడుతుంది, కానీ అంచుకి దగ్గరవుతుంది. సీటీ పెట్టి తిరగేసి కలిపారో, తీసేయాల్సిన 174ను మళ్లీ కూడుతుంది. 348 దాటుతుంది, ట్రిప్. "న్యూట్రల్ సీటీ పెట్టక ముందే బాగుంది" అని ఒకరు రాశారు. మీ న్యూట్రల్ సీటీ తిరగబడి ఉంది, అంతే. నాలుగు సీటీలకూ పీ1 ముఖం (సీటీ మీద పీ1 అని గుర్తున్న వైపు) సప్లై వైపు ఉండాలి. న్యూట్రల్లో కరెంటు వెనక్కి వస్తుంది కదా అని దాన్ని మాత్రం తిప్పి పెట్టకండి, ఆ వెనక్కి రావడమే కూడికను సున్నా చేసేది.

మూడు ఫేజుల సీటీలూ కలిసి తిరగబడితే ఏమవుతుంది? మూడు వైర్ల మోటారు లోడులో ఏమీ తెలియదు, కూడిక సున్నాయే. న్యూట్రల్ కలిపిన రోజున బయటపడుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా పడిపోతుంటే కింది బోర్డులు చూడండి. ఎవరో సబ్ బోర్డులో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేసి ఉంటారు. అప్పుడు న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ పట్టీ గుండా తిరిగొస్తుంది. అది నిజమైన మిగులే, యూనిట్ తప్పేమీ లేదు. లింకు వెతికి తీయండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ట్రిప్ అవుతోందని రాసిన వాళ్లందరూ కింద ఒక వాక్యం రాశారు: "టెస్ట్ కిట్‌తో చూశాం సార్, అన్నీ పాస్." ఏ టెస్ట్ కిట్? యూనిట్ ముందు సాకెట్లో గుచ్చేది. ఆ కిట్ సంకేతం నేరుగా యూనిట్ లోపలి సర్క్యూట్‌లోకి పంపుతుంది. సీటీ దాటి, సీటీ వైరింగ్ దాటి, లోపలికి. అంటే మీరు పరీక్షించింది కంపెనీ ముందే పరీక్షించి పంపిన పెట్టెను. మీ చేతులతో చేసిన పని ఏమిటి? సీటీలు బిగించడం, వైర్లు లాగడం, లగ్గులు (వైరు కొసల తొడుగులు) క్రింప్ చేయడం, యాక్చుయేటర్ (యూనిట్ సంకేతంతో బ్రేకర్‌ను పడగొట్టేది) అమర్చడం. ఆ కిట్‌కి ఇందులో సీటీలూ వాటి వైర్లూ అసలు కనపడవు. వై సీటీ తిరగబడినా పాస్, బీ సీటీ వైరు ఊడిపోయినా పాస్, 1600 బదులు 800 సీటీ బిగించినా పాస్. కిట్ వద్దనడం లేదు. టైమింగులు చూడటానికి అది మంచిదే. కానీ రెట్రోఫిట్ (పాత బ్రేకర్‌కి కొత్త యూనిట్ బిగించడం) అయ్యాక మొదటిసారి బ్రేకర్‌ను సర్వీసులో పెట్టేముందు ప్రైమరీ ఇంజెక్షన్ తప్పదు. పోళ్ల గుండా నిజమైన కరెంటు పోవాలి.

అమెరికాలో జీఈ ఏకే-50 బ్రేకర్ల మీద ఇదే పని చేస్తున్న ఒక తెలుగు మిత్రుడు, అక్కడ నియమం ఎలా ఉందో గుర్తుచేశాడు. 480/277 వోల్టుల ఎర్త్ చేసిన స్టార్ సరఫరాలో, 1000 ఆంపియర్లు, అంతకు పైబడిన సర్వీస్ డిస్‌కనెక్ట్‌కి (సరఫరా లోపలికి వచ్చే చోటి ప్రధాన స్విచ్‌కి) ఎర్త్ ఫాల్ట్ రక్షణ ఉండాలి. సెట్టింగ్ 1200 ఆంపియర్లు దాటకూడదు. మొదట బిగించినప్పుడు ఆ రక్షణను అక్కడికక్కడే పరీక్షించి రాతపూర్వకంగా నమోదు చేయాలని వాళ్ల ఎలక్ట్రికల్ కోడ్ 230.95 సెక్షన్లోనే ఉంది. మన దగ్గర ఎవరూ అడగకపోయినా మీరు చేయండి.

తిరగబడిన సీటీ కనీసం అరిచి చెబుతుంది. అరవని తప్పు ఒకటుంది. యాక్చుయేటర్‌కీ పొలారిటీ ఉంది. దాని లోపల శాశ్వత అయస్కాంతం స్ప్రింగును బిగబట్టి ఉంచుతుంది. యూనిట్ పంపే పల్స్ కాయిల్లోకి వెళ్లి క్షణంపాటు ఆ అయస్కాంతం పట్టు తెంచుతుంది, స్ప్రింగు ప్లంజర్‌ను తంతుంది, ప్లంజర్ ట్రిప్ బార్‌ను కొడుతుంది. రెండు వైర్లు తారుమారైతే ఆ పల్స్ అయస్కాంతానికి ఇంకాస్త బలమిస్తుంది. బ్రేకర్ కదలదు. యూనిట్ మీద ఎర్ర లైటు మాత్రం వెలుగుతుంది.

ఇది నేను కళ్లారా చూశాను. గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో రెట్రోఫిట్ అయిన ఏడు నెలలకి ఒక ఫీడర్ టెర్మినల్ దగ్గర లగ్ వదులై ఫ్లాష్ అయింది. ఏసీబీ పడలేదు. పైనున్న 11 కేవీ బ్రేకర్ పడే వరకు అది మండుతూనే ఉంది. అదృష్టం కొద్దీ భోజనాల వేళ, ప్యానెల్ ముందు ఎవరూ లేరు. నేను వెళ్లేసరికి రాగి బస్‌బార్ అంచు బెల్లం పాకంలా కారి, కింద బేస్ మీద గడ్డకట్టి ఉంది. ఏసీబీని ట్రాలీ మీదికి లాగి విప్పాం. యాక్చుయేటర్‌కి వెళ్లే రెండు వైర్లూ తెల్లవే, ఫెర్రూల్ లేదు. టెస్ట్ రిపోర్టు చూస్తే అన్ని గళ్లలోనూ టిక్కులు. పరీక్ష చేసినవాళ్లు ఎర్ర లైటు చూసి టిక్కు పెట్టారు, బ్రేకర్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కూడా చూడలేదు. అప్పటి నుంచి నా దగ్గర యాక్చుయేటర్‌కి ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు తప్ప ఇంకో రంగు వాడనివ్వను. లైటు వెలిగితే ట్రిప్ అయినట్టు కాదు. కాంటాక్టులు విడిపోవాలి, ఆ దెబ్బ చప్పుడు చెవికి వినిపించాలి.

ఇప్పుడు పరీక్ష. బ్రేకర్ ట్రాలీ మీద ఉంది, చేత్తో చార్జ్ చేసి క్లోజ్ చేశారు. ఆర్, వై పోళ్ల లోడ్ వైపు టెర్మినళ్లను రాగి పట్టీతో కలపండి. ఇంజెక్షన్ సెట్ (పరీక్ష కరెంటు పంపే యంత్రం) రెండు లీడ్లను అవే పోళ్ల లైన్ వైపు బిగించండి. ఆర్‌లో దిగిన కరెంటు వైలో పైకి వస్తుంది. 400 ఆంపియర్లు పంపండి. సీటీలు సరిగ్గా ఉంటే కూడిక సున్నా, బ్రేకర్ కదలకూడదు. ఒకటి తిరగబడి ఉంటే 800 అవుతుంది, ఎర్త్ ఫాల్ట్ మీద వెంటనే పడుతుంది. తర్వాత వై–బీ. రెండూ నిలబడితే మూడూ ఒకే దిశలో ఉన్నట్టు. చాలా యూనిట్లు సీటీ కరెంటుతోనే మేల్కొంటాయి. అందుకు కావలసిన కనీస కరెంటు మాన్యువల్లో చూసుకోండి, లేకపోతే నిద్రపోతున్న యూనిట్ నిలబడిందని మురిసిపోతారు.

నిలబడటం సగమే. పికప్ 320 కాబట్టి, ఒక్కో పోల్‌లో విడిగా 280 ఆంపియర్లు పంపండి, పడకూడదు. 360 పంపండి, పడి తీరాలి. పట్టీ పెట్టి నిలబడింది, ఒంటరిగా పడింది అంటే ఆ సీటీ, దాని వైరు, యూనిట్, యాక్చుయేటర్, ట్రిప్ బార్ అన్నీ ఒకే వరసలో పనిచేశాయన్నమాట.

న్యూట్రల్ సీటీ ప్యానెల్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తారు. వదలకండి. విండో రకం (నడుమ రంధ్రంలోంచి కేబుల్ దూరేది) అయితే, ప్యానెల్ డెడ్ చేసినప్పుడు సప్లై వైపు ముఖానికి పెయింటు చుక్క పెట్టి, విప్పి ట్రాలీ పక్కకు తెండి. దాని వైర్లనే పొడిగించండి. ఆర్ పోల్ లోడ్ వైపు నుంచి వచ్చే రిటర్న్ కేబుల్ ఆ సీటీ పీ2 ముఖంలోంచి దూరి, పీ1 ముఖంలోంచి బయటికొచ్చి సెట్‌కి చేరాలి. 400 ఆంపియర్లకు నిలబడాలి. మళ్లీ బిగించేటప్పుడు చుక్క ఎటుందో రెండో మనిషి చూడాలి, మీరు కాదు.

అభ్యాసం. మొదటిది కాగితం మీద: ఆర్ 640, వై 580, బీ 610, న్యూట్రల్ సీటీ లేదు. వై తిరగబడితే మిగులు ఎంత? బీ తిరగబడితే ఎంత? వెక్టర్లు స్కేలుతో గీసి కొలవండి, కాలిక్యులేటర్ తర్వాత. రెండోది మీ సొంత ప్యానెల్ మీద: ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎక్కడ ఎర్త్ అయిందో, అక్కడి నుంచి చివరి సబ్ బోర్డు వరకు న్యూట్రల్–ఎర్త్ లింకులు ఎక్కడెక్కడ ఉన్నాయో నడిచి చూసి గీయండి. డ్రాయింగ్ చూసి గీసింది నాకొద్దు. ఒక్కరోజులో అయ్యే పని కాదు, వారం తీసుకోండి. మూడోది, ఎర్త్ ఫాల్ట్ ఆఫ్‌లో పెట్టిన ఆ ఇద్దరికి మాత్రమే: ఆర్–వై, వై–బీ పరీక్షల అంకెలు రాసి పంపండి. అవి చూశాకే సెట్టింగుల పాఠం మొదలుపెడతాను.