ఇంగ్లండ్‌లో చదివే మనవళ్లను నెల్లూరు నుంచే రెలిజియస్ స్టడీస్ పరీక్షకు ఎలా సిద్ధం చేయాలి?

పోయిన జనవరిలో మా మనవరాలు వీడియో కాల్‌లో ఒక ఆన్సర్ షీటు చూపించింది. పేజీ నిండా ప్రహ్లాదుడి కథ. పెంచలకోన తీసుకెళ్లినప్పుడు నేను చెప్పిన కథే, ఒక్క ముక్క వదల్లేదు. నాలుగు మార్కులకు ఒకటి వచ్చింది. "అమ్మమ్మా, నువ్వు చెప్పినట్టే రాశాను కదా!" అంది. ఇన్నేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, నాకే తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ప్రశ్న చదివాను. హోలీ హిందువులకు ఎందుకు ముఖ్యమో రెండు కారణాలు వివరించమన్నారు. హోలీ వెనకున్న ప్రహ్లాదుడి కథ ఎవరూ అడగలేదు.

నెల్లూరులో, ఒంగోలులో ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. కొడుకో కూతురో అక్కడ ఉంటారు, పిల్లలకు పదిహేను పదహారేళ్లకు జీసీఎస్ఈ పరీక్షలు వస్తాయి, అందులో రెలిజియస్ స్టడీస్ ఉంటుంది. "గుడి, పూజ, పురాణం మీకే కదా తెలుసు, మీరే చెప్పండి" అని మనకు అప్పగిస్తారు. మనకు తెలిసిన మాట నిజమే. ఆ తెలిసిందే ఒక్కోసారి అడ్డం వస్తుంది.

ముందు ఏ బోర్డో, ఏ మతాలో అడగండి

అక్కడ మన ఎస్ఎస్‌సీలా ఒకటే బోర్డు కాదు. ఏక్యూఏ, ఎడెక్సెల్, ఓసీఆర్, ఎడ్యుకాస్ అని ఉన్నాయి, ఏది రాయించాలో స్కూలు ఎంచుకుంటుంది. మా పిల్లది ఏక్యూఏ, రెలిజియస్ స్టడీస్ ఎ, కోడ్ 8062. ఇందులో రెండు మతాలు చదవాలి. హిందూ కుటుంబం కాబట్టి హిందూ మతమే ఉంటుందని అనుకోవద్దు. స్కూలు క్రైస్తవం, ఇస్లాం చెబుతుంటే మీ పిల్ల రాయాల్సింది అవే. ఆ కోడ్‌తో బోర్డు వెబ్‌సైట్లో వెతికితే సిలబస్, పాత పేపర్లు, మార్కులు ఎలా వేస్తారో చెప్పే మార్క్ స్కీములు ఉచితంగా దొరుకుతాయి. గైడు కొనే ముందు మార్క్ స్కీమ్ చదవండి. నేను చివర చదివాను, అందుకే ఆ ఒక్క మార్కు.

ఏక్యూఏలో రెండు పేపర్లు. మొదటిది మతాల నమ్మకాలు, ఆచారాల మీద. రెండోదానిలో కుటుంబం, ప్రాణం, యుద్ధం, నేరం-శిక్ష లాంటి అంశాల్లోంచి నాలుగు. ఒక్కో పేపరుకు గంటా నలభై ఐదు నిమిషాలు, 96 మార్కులు, స్పెల్లింగుకు విడిగా కొన్ని. ఒక్కో భాగంలో ఐదు ప్రశ్నలు, 1, 2, 4, 5, 12 మార్కులకు. అంటే 24లో సగం ఆ చివరి ప్రశ్నదే.

"మనం" అన్న మాట మాన్పించండి

మా పిల్ల "మనం దేవుణ్ణి పూజిస్తాం" అని రాసేది. "చాలామంది హిందువులు", "కొందరు వైష్ణవులు" అని రాయాలి. ఇది మర్యాద కోసం కాదు. హిందువులంతా ఒకేలా నమ్మరని పిల్లకు తెలుసా అన్నదే పరీక్షకులు చూస్తారు. ఇక్కడ పిల్ల భక్తికి మార్కులుండవు, అభక్తికి కోతా ఉండదు.

తర్వాత మాటలు. ఆత్మ, కర్మ, సంసారం, మోక్షం, నిర్గుణ, సగుణ అన్నీ ఇంగ్లిష్ పేపర్లోనూ సంస్కృతంలోనే వస్తాయి కాబట్టి మనకు సులువనిపిస్తుంది. కానీ మన ఇళ్లలో ఆ మాటల అర్థాలు వేరే దారి పట్టాయి. కరెంటు పోతే "నా కర్మ" అంటాం. సంసారం అంటే మొగుడూ పెళ్లాం పిల్లలు. మా పిల్ల ఒకసారి కర్మ అంటే దురదృష్టం అని రాసింది, తప్పు ఎవరిదో వేరే చెప్పాలా! చేసిన పనికి ఫలితం ఉంటుందన్న నియమం కర్మ, పుట్టి చచ్చి మళ్లీ పుట్టే చక్రం సంసారం. ఇలాంటివన్నీ ఒక నోట్సులో రాయించి, ఎదురుగా మనం వాడే అర్థం కూడా రాయించాను. రెండూ పక్కపక్కన ఉంటే కలగాపులగం కాదు.

నాలుగు, ఐదు మార్కుల జవాబు కట్టడం

ఒక ప్రశ్న తీసుకుందాం: కర్మ మీద నమ్మకం హిందువుల జీవితాన్ని ఏ రెండు విధాలుగా ప్రభావితం చేస్తుంది?

పిల్ల మొదట రాసింది: "హిందువులు మంచి పనులు చేస్తారు. చెడ్డ పనులు చేయరు." చూడటానికి రెండు వాక్యాలు. నిజానికి ఒకటే విషయం, తిరగేసి చెప్పింది.

తిరగరాయించాక ఇలా వచ్చింది: "చేసిన పని ఫలితం వచ్చే జన్మలోనైనా అనుభవించాలని నమ్ముతారు కాబట్టి చాలామంది హిందువులు హింసకు, అబద్ధానికి దూరంగా ఉండటానికి ప్రయత్నిస్తారు. ఫలం ఆశించకుండా చేసిన పని బంధించదని నమ్మేవాళ్లు అన్నదానం లాంటి సేవను పేరు కోసం కాకుండా చేస్తారు." నమ్మకం, "కాబట్టి", దానివల్ల చేసే పని. ఇలాంటివి రెండు. ఆ "కాబట్టి" దొరికిందా అని వేలు పెట్టి వెతికిస్తాను.

ఐదు మార్కులదీ ఇదే పద్ధతి, ఒక గ్రంథం ప్రస్తావన అదనం. "గీతలో చెప్పారు" అంటే చాలదు. చిరిగిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ పాత దేహం విడిచి కొత్తది పొందుతుందని గీత రెండో అధ్యాయం చెబుతుంది అని రాయాలి. శ్లోకం మొత్తం అప్పజెప్పక్కర్లేదు. నేను పాతిక శ్లోకాలు బట్టీ పట్టించబోయాను, కూతురు కోప్పడింది. ఎనిమిదో పదో చాలు, ఒక్కోటి మూడు నాలుగు ప్రశ్నలకు పనికొచ్చేవి ఎంచుకోండి.

పన్నెండు మార్కులకు పోట్లాడండి

ఇక్కడ ఒక వాక్యం ఇచ్చి, దాన్ని తూకం వేయమంటారు. ఉదాహరణకు: "ఇంట్లో పూజ చేసుకుంటే చాలు, గుడికి వెళ్లక్కర్లేదు." దీన్ని బలపరిచే వాదన, దీనికి భిన్నమైన వాదన, మతపరమైన ఆధారాలు, చివర కారణంతో కూడిన తీర్పు ఉండాలి. ఒక వైపే రాస్తే ఎంత బాగా రాసినా సగం మార్కులు దాటడం కష్టం.

మేము చేసేది ఇది. నేను గుడి పక్షం, మనవరాలు ఇంటి పక్షం. రంగనాయకులపేట గుడికి రోజూ వెళ్లేదాన్ని కదా, గట్టిగానే వాదిస్తాను. నిత్యపూజ, గర్భగుడిలో మూర్తి, నలుగురితో కలిసి దర్శనం అంటాను. అది మూలనున్న దేవుడి అరను చూపించి, "దేవుడు అన్నిచోట్లా ఉంటే ఇక్కడ లేడా తాయీ?" అంటుంది (ఆ మాట మా అమ్మది, దానికెలా అంటుకుందో!). ఐదు నిమిషాలయ్యాక పక్షాలు మార్చుకుంటాం. అసలు పని అప్పుడు మొదలవుతుంది, నమ్మని మాటను న్యాయంగా చెప్పాలి కాబట్టి. మొదటిసారి నావల్ల కాలేదు, "ఎవరో తెలియనివాళ్లు అంటారులే" అని దాటేశాను. మనవరాలు టైమర్ ఆపేసి, "అది ఆర్గ్యుమెంట్ కాదు అమ్మమ్మా" అంది.

పోట్లాట అయ్యాక పదమూడు నిమిషాల్లో రాయాలి. మార్కుకు నిమిషం పైచిలుకు, అదీ లెక్క.

మన ఊళ్లను వాడుకోండి, కానీ జాగ్రత్త

అర్థం చేయించడానికి మన రెండు జిల్లాలంత మంచి పుస్తకం లేదు. శైవం, వైష్ణవం తేడా చెప్పడానికి తిక్కన చాలు. 13వ శతాబ్దంలో నెల్లూరులో ఉండి, హరిహరులు ఒక్కరే అంటూ భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. వాదం ఉన్నచోటే అలాంటి సమాధానం పుడుతుందని చెబితే పిల్లకు వెంటనే ఎక్కింది.

క్రైస్తవంలో పసిబిడ్డల బాప్తిస్మం, నమ్మి తీసుకునే బాప్తిస్మం అని రెండు వస్తాయి. రెండోదానికి ఒంగోలు చెప్పండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో పూర్తిగా ముంచడం, తనంతట తాను ఒప్పుకుని రావడం, రెండూ ఆ ఒక్క దృశ్యంలో కనిపిస్తాయి.

ఇస్లాం దగ్గరే జాగ్రత్త అన్నాను. మొహర్రంలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగ మనకు బాగా తెలుసు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె అంటూ హిందువులూ నీళ్లలోకి దిగి మార్చుకుంటారు. దాన్ని "ముస్లింల పండగ" అని పేపర్లో రాస్తే దెబ్బే. అది మన ఊరి ఆచారం. దర్గా ఆచారాలను ఒప్పుకోని ముస్లింలు చాలామంది. సిలబస్‌లో ఉన్నది ఆషూరా (మొహర్రం నెల పదో రోజు), దాన్ని షియాలు, సున్నీలు వేరుగా ఎలా చూస్తారన్నది. రొట్టెల పండగ కబుర్లలో చెప్పండి, పేపర్లోకి రానివ్వకండి.

వేళ కుదుర్చుకోండి

వారానికి రెండు రోజులు, నలభై నిమిషాలు మించకుండా చాలు. పిల్ల బడి నుంచి సాయంత్రం నాలుగుకు వస్తే చలికాలంలో మనకు రాత్రి తొమ్మిదిన్నర. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు ఎనిమిదిన్నర. పరీక్షలు మే, జూన్‌లో కాబట్టి అసలు రివిజనంతా ఈ కొత్త వేళల్లోనే. ఆ మార్పు మర్చిపోయి ఒకరోజు తొమ్మిదిన్నరకు ఫోన్ తీసేసరికి పదకొండు మిస్డ్ కాల్స్, కింద ఒక మెసేజ్: "తాతయ్యతో పోట్లాడేశాను, నువ్వు పడుకో."